కొలత మధ్యలో గుండెదడ

ఆ రోజు చెవిటికల్లులో కోటయ్యగారి కళ్లంలో జొన్నలు కొలుస్తున్నాం. కుంచం పట్టింది యేసోబు. లెక్క పిలిచేది నేను. నందిగామలో ఒక ధాన్యం కొట్టుకు నేను గుమస్తాను. కోతల కాలంలో కళ్లాలకు వెళ్లి లెక్క పిలవడమే నా పని. యేసోబు రాశిలోంచి కుంచం నింపి, పైన చేత్తో సమం చేసి, గోతంలో పోస్తాడు. పోసినప్పుడల్లా నేను అంకె పిలవాలి. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టాక ఎవరూ మాట్లాడకూడదు. పిలిచేవాడు ఆగకూడదు. ఆగితే ఆ లెక్క చెల్లదు. పోసిన గోతాలన్నీ మళ్లీ రాశిలో కుమ్మరించి లాభం దగ్గర నుంచి కొలవాలి. మా వైపు అందరూ ఒప్పుకున్న పద్ధతి అది.

సగం రాశి అయింది. ఉన్నట్టుండి నా గుండె ఒకసారి తప్పినట్టయింది. మెట్టు ఉందనుకొని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు. ఆ వెంటనే ఒక దెబ్బ గట్టిగా కొట్టి, దడ మొదలైంది. నోరు ఎండిపోయింది, చేతులు చల్లబడ్డాయి. అంకె నాలుక మీద ఉంది కానీ బయటికి రాలేదు. చొక్కా మీద చెయ్యి పెట్టుకొని అలాగే నిలబడిపోయాను.

"పిలవండయ్యా" అన్నాడు యేసోబు మెల్లగా. నింపిన కుంచం అతని చేతిలోనే ఉంది.

నేను గోతాల మీద కూర్చున్నాను. బండి నీడలో కూర్చున్న కోటయ్యగారి తల్లి అంది: "లెక్క తప్పితే తప్పిందని చెప్పొచ్చుగా నాయనా. గుండె పట్టుకోటం ఎందుకు?"

బండివాళ్లు నవ్వారు. కోటయ్యగారు నవ్వలేదు, తిట్టలేదు. మజ్జిగ ఇప్పించారు. తర్వాత గోతాలు విప్పించి రాశిలో కుమ్మరించారు. వాళ్ల మేనల్లుడు లెక్క పిలిచాడు. నేను బండిలో పడుకొని, జొన్నలు తిరిగి రాశిలో పడుతున్న చప్పుడు వింటూ ఉన్నాను. ఎండలో మళ్లీ మొదటి నుంచి వంగి లేస్తున్నది యేసోబు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బడిలో చదివింది బహు కొద్ది. ఎక్కాలు, పుట్లు తూముల కొలతలు, పరకలు వీసాల భిన్నాలు అన్నీ కొట్లో గోతాల మీద కూర్చొని సొంతంగా పట్టుకున్నవే. నోటిలెక్కలో నందిగామ బజారులో నా మాటకు విలువ ఉండేది. నాకున్న ఆస్తి అదొక్కటే. అందుకే ఆ ముసలమ్మ అన్న మాట దడకంటే ఎక్కువ బాధించింది.

మర్నాడు ఊళ్లో డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. స్టెతస్కోపు పెట్టి చూసి, "బీపీ నార్మల్. వీక్‌నెస్. బి కాంప్లెక్స్ ఇంజెక్షన్లు చేయించుకోండి" అన్నారు. చేయించుకున్నాను. దడ తగ్గలేదు. కొట్లో కూర్చున్నప్పుడు వచ్చేది, అన్నం తింటుంటే వచ్చేది. వచ్చినప్పుడల్లా ప్రాణం పోతుందనుకునేవాణ్ణి. పోలేదు. ఆ తర్వాత వచ్చేదానికోసం ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి. నిజానికి దడ ఉండేది కాసేపే. మిగతా రోజంతా దాని భయం.

కొట్టు యజమాని శేషయ్యగారు మంచివారు. బెజవాడలో ఇ.సి.జి. మిషను ఉన్న డాక్టరు దగ్గరికి పంపారు. చేతులకు, కాళ్లకు పట్టీలు కట్టి, ఛాతీ మీద తడి పూసి ఇ.సి.జి. తీశారు. ఎక్స్‌రే తీశారు. రక్తం, థైరాయిడ్ చూశారు. ఆ డాక్టరు కాగితం పట్టి వెలుగులో చూసి, "ఆర్గానిక్‌గా ఏమీ లేదు. హార్ట్ బాగానే ఉంది. నెర్వస్‌నెస్ అంతే, మీరు వెళ్లొచ్చు" అన్నారు.

ఇంకొకరైతే సంతోషించేవారు. నేను మెట్లు దిగి వచ్చి, గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఏదో ఒక జబ్బు పేరు కాగితం మీద ఉంటే బాగుండుననుకున్నాను. జబ్బు లేదంటే, చెవిటికల్లులో నేను లెక్క తప్పి నాటకమాడానన్నమాటేగా. ఇంట్లో పిల్లలున్న మనిషి తన గుండెకు జబ్బు రావాలని కోరుకోవడం ఎంత సిగ్గుచేటో నాకు తెలుసు. అయినా కోరుకున్నాను.

నేను చెప్పకపోయినా బజారుకు తెలిసింది. ఎదురు కొట్టాయన నవ్వుతూ, "గుండె భేషుగ్గా ఉందటగా గుమస్తాగారూ, మరి అంకెల సంగతేంటి?" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడేమో. నేను మర్నాటి నుంచి కొట్టుకు వెళ్లడం మానేశాను.

ఇంట్లో కూర్చొని నేను చేసిందల్లా నాడి పట్టుకోవడం. కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీద. లాభం, రెండు, మూడు. ఎక్కడో ఒకచోట నాడి తప్పేది. తప్పితే ఆ లెక్క చెల్లదని మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఏ లెక్కా పూర్తయ్యేది కాదు. ఎంత లెక్కపెడితే అంత తప్పేది. మా ఆవిడ రత్తమ్మ చూసి చూసి ఒకనాడు అంది: "ఆ మణికట్టు అరిగిపోద్ది. కాసేపు వదిలిపెట్టండి, అదేం పారిపోదు." నేను కోప్పడ్డాను. బావి నుంచి నీళ్లు ఆమే తోడేది, కట్టెలు ఆమే కొట్టేది. నేను జబ్బు మనిషిలా అరుగు మీద కూర్చొని చూసేవాణ్ణి. జబ్బు లేదని నాకు తెలిసినా ఆ అరుగు దిగలేదు.

జగ్గయ్యపేటలో ఒక పెద్ద డాక్టరున్నారని, నిదానంగా చూస్తారని రత్తమ్మ ఎవరి దగ్గరో విని నన్ను బయల్దేరదీసింది. బస్సు నవాబుపేట దాటకముందే దడ వచ్చింది. నేను లేచి బస్సు ఆపమన్నాను. కండక్టరు, "వాంతా అండీ?" అన్నాడు. ఔనన్నాను. కిందికి దిగి రోడ్డు పక్కన ఊరికే వంగి నిలబడ్డాను. బస్సంతా కిటికీల్లోంచి చూస్తోంది. రత్తమ్మ దిగి నా పక్కన నిలబడి, "రాని వాంతికి ఎంతసేపు నిలబడతారు, పదండి" అంది. ఎక్కాం.

జగ్గయ్యపేట డాక్టరుగారు ముసలాయన. బెజవాడ కాగితాలన్నీ చూశారు. కాఫీ ఎన్నిసార్లు తాగుతారు, చుట్ట కాలుస్తారా, నిద్ర పడుతోందా అని అడిగారు. "మనసులో ఏదన్నా బెంగ ఉందా?" అన్నారు.

"ఏమీ లేదండి" అన్నాను. ముందు చూసిన ఇద్దరు డాక్టర్లకూ ఇదే చెప్పాను.

"ఉందండి. చెప్పరు" అంది రత్తమ్మ. "కుంచాలు పోయి కిలోలొస్తున్నాయంటగా. తెల్లారకముందే లేచి సేర్లు, కిలోలు అని గొణుక్కుంటారు. నేను లేస్తే ఊరుకుంటారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నన్నే చూస్తున్నారు. ఇక తప్పలేదు.

"భయంగా ఉందండి" అన్నాను.

"దేనికి?"

"నాకొచ్చిన లెక్కలన్నీ పాతవండి. కొత్తవి పట్టుబడటం లేదు. నాకేమీ రాదని నలుగురికీ తెలిసిపోద్దని."

ఆయన నవ్వలేదు. "ఇది మొదటే చెబితే బెజవాడ చార్జీలు మిగిలేవి" అన్నారు. తర్వాత నా ఎడమ మణికట్టు పట్టుకొని, "మీరెలా లెక్కపెడతారో పైకి పెట్టండి" అన్నారు. లాభం, రెండు, మూడు అని పెట్టాను. కొంత దూరం పోయాక నాడి తప్పింది. "లాభం" అన్నాను.

"అదేంటి, మొదటికి వెళ్లారు?"

"తప్పిందండి. ఇక చెల్లదుగా."

కళ్లం పద్ధతి చెప్పాను. ఆయన విని అన్నారు: "ఎక్స్‌ట్రా సిస్టోల్స్ అంటారు వీటిని. ఒక బీట్ తొందరపడి ముందే వస్తుంది. తర్వాత గుండె కొంచెం ఆగుతుంది. మీకు తప్పినట్టుండేది ఆ ఆగడమే. ఆ తర్వాతది గట్టిగా తగులుతుంది. ఇవి చాలామందికి వస్తాయి, తెలీకుండా పోతాయి. మీరు కాపలా కూర్చున్నారు కాబట్టి ప్రతిదీ తెలుస్తోంది. భయపడితే ఇంకా ఎక్కువవుతాయి. మీ గుండె రాశి కాదండి, కుమ్మరించి మళ్లీ కొలవడానికి. తప్పినా తర్వాత అంకె పిలవండి."

ఆయన వాచీ బల్ల మీద పెట్టారు. నిమిషం అయ్యేదాకా పిలిచాను. మధ్యలో తప్పింది. అయినా తర్వాత అంకె అన్నాను. నెలల తర్వాత ఒక లెక్క పూర్తయింది. చొక్కా తడిసిపోయింది.

రాత్రిపూట నిద్రకు ఫినోబార్బిటోన్ చిన్న మాత్ర కొద్దిరోజులకే రాశారు, అలవాటు చేసుకోవద్దన్నారు. కాఫీ తగ్గించమన్నారు. నాడి పట్టుకోవద్దన్నారు. నీళ్లు నన్నే తోడమన్నారు. ఇది వినగానే రత్తమ్మ, "కాగితం మీద రాయండి డాక్టరుగారూ" అంది.

వెంటనే నయమైందని చెప్పను. కొట్టుకు తిరిగి వెళ్లిన కొత్తలో ఒకరోజు దడ వచ్చి గోతాల వెనక్కి వెళ్లి కూర్చున్నాను. శేషయ్యగారు చూసి, "మళ్లీనా?" అన్నారు. కడుపునొప్పి అన్నాను. ఆ సాయంత్రం నాడి పట్టుకొని మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టాను. అలాంటి రోజులు చాలా ఉన్నాయి.

మళ్లీ జొన్న కోతలొచ్చాయి. శేషయ్యగారు నన్నే చెవిటికల్లుకు పంపారు. వెళ్లనని చెప్పడానికి నోరు రాలేదు. కళ్లంలో కోటయ్యగారు అందరి ముందే అడిగారు: "ఈసారి ఆగవుగా?"

ఆగనండి అనబోయాను. జగ్గయ్యపేటలో అన్న మాటే మళ్లీ అన్నాను. "ఆగొచ్చండి. నాకు గుండెదడ వస్తుంది. ప్రాణానికేం కాదన్నారు. వచ్చినప్పుడు భయమేస్తుంది, అంతే."

బండివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి.

"మొగాడివి, భయమేంటయ్యా" అంది ముసలమ్మ.

"నువ్వుండవే అమ్మా" అని, "సరే, కానివ్వండి" అన్నారు కోటయ్యగారు.

లాభం అని మొదలుపెట్టాను. రాశి సగం దాటాక అది రానే వచ్చింది. గుండె తప్పింది, దెబ్బ కొట్టింది. అంకె గొంతులో చిక్కుకుంది. యేసోబు కుంచం రాశిలోంచి లేపలేదు. పైన సమం చేసిందే మళ్లీ సమం చేస్తున్నాడు. చూసేవాళ్లకు జాగ్రత్తగా కొలుస్తున్నట్టే ఉంది. నాకు ఊపిరి అందింది. అతను పోశాడు, నేను అంకె పిలిచాను. అలా రాశి అడుగుదాకా వెళ్లాం.

ముసలమ్మ, "చివర్లో గొంతు పీలగా వచ్చిందే" అంది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. బండి దగ్గర యేసోబుతో, "నాకోసం ఆగావు" అన్నాను.

"చెయ్యి లాగిందయ్యా" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "మీరొక్కళ్లేనా మనుషులు?"

కిందటేడు నా వల్ల ఎండలో రెండుసార్లు కొలిచిన మనిషి అతను. ఆ విషయం అతనితో అప్పటిదాకా నేనొక్కసారీ ఎత్తలేదు.

ఇప్పుడు మా కొట్లో కుంచం లేదు, కాటా ఉంది. కిలోలు, క్వింటాళ్లు నెమ్మదిగా పట్టుబడ్డాయి. మొదట్లో శేషయ్యగారి చేత ఒకసారి సరిచూపించుకునేవాణ్ణి. అలా అడిగిన ప్రతిసారీ సిగ్గేసేది, ఇప్పటికీ వేస్తుంది. దడ పూర్తిగా పోలేదు. భోజనం ఆలస్యమైనప్పుడు, నిద్ర చాలనప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు చేస్తున్న పని చేస్తూనే ఉంటాను. బజారులో కొందరు నన్ను గుండె గుమస్తా అంటారు. వినపడనట్టు పోతాను. ఈ వ్యాసం కింద పేరు పెట్టడానికీ మనసు ఒప్పడం లేదు.

దడతో బాధపడేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ముందు డాక్టరుకు చూపించుకోండి, చెప్పిన పరీక్షలు చేయించుకోండి. కానీ దడ ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది అని చెప్పి ఊరుకోకండి. దేనికి భయపడుతున్నారో అదీ ఆ కుర్చీలోనే చెప్పండి. అదీ జబ్బులో భాగమే. నోరు రాకపోతే ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. నా విషయంలో ఆ ముక్క మా ఆవిడే చెప్పాల్సి వచ్చింది.