నా అబద్ధానికి పూసిన పువ్వు

కోకాపేట గుట్టల మీద ఇంకా చెట్లు మిగిలి ఉన్న రోజులవి. నేను ప్రగతి నగర్‌లో ఓ ఇంటి వెనక గదిలో కిరాయికుండేవాణ్ణి. ఐటీ ఆఫీసులకు క్యాబ్ తోలడం పని, చదువు ఎనిమిదిలో సగం (మిగతా సగం మా సారు ప్రాణం కుదుటపడాలని వదిలేశాను). ఆ వయసులో నా నోటికి నిజం బొత్తిగా రుచించేది కాదు. ఓనరమ్మది గోదావరి వైపు. కోకాపేట నుంచి తెప్పించి పెరట్లో పోయించిన గుట్ట మట్టిలో నాగలిలా వంకర తిరిగిన దుంపొకటి కనిపిస్తే, "పెండలమేనయ్యా, మాకు తెలీదా!" అంటూ పాతేసింది. వానలకు తీగ లేచింది. పెండలం ఆకు వెడల్పుగా ఉండాలి కదా, ఇదేమో సన్నగా ఉంది, కొసలు సాగి మెలితిరిగాయి. హైదరాబాద్ నీళ్ళకు చిక్కిపోయిందని ఆమె తీర్పు.

ఆ కొసలే నన్ను పడేశాయి. నిన్న గాల్లో తడుముకున్న కొస ఇవాళ బట్టలారేసే తాడును గట్టిగా చుట్టుకుని ఉండేది. ఓ రోజు నా వేలినీ చుట్టుకుంటుందేమోనని చాపి నిలబడ్డాను. (పట్టుకోలేదు. నా సంగతి దానికీ తెలిసినట్టుంది.)

ఇంతలో ఓనరమ్మ పిడుగు వేసింది. "ఆదివారం మా తమ్ముడు వాళ్ళొస్తున్నారు. దుంప తవ్వి పులుసు పెడతాను, నీకూ ఓ గిన్నెడు."

"వద్దమ్మా, అది విషం! తింటే సీదా దవాఖానకే!" అన్నాను, తీగను ఎట్లాగైనా కాపాడాలని, నోటికొచ్చింది.

"మొన్న బోరులో మొసలుందన్నదీ నువ్వేగా?"

"అది మజాక్‌కు అన్న. ఇది నిజం, ఒట్టు!"

"మొసలికీ ఒట్టేశావయ్యా."

ఆదివారం పొద్దున్నే గునపంతో పెరట్లోకొచ్చిన ఆమె అలాగే ఆగిపోయింది. వెనకే బతిమాలుతూ వచ్చిన నేనూ ఆగిపోయాను. తలవంచుకున్న మొగ్గ విచ్చుకుంది. ఆరు రేకులూ అంచులు అలలు తిరిగి, పైకి లేచాయి. మొదలు దగ్గర పసుపు, కొసన ఎరుపు. పొయ్యీ పొగా లేని మంట.

ఆమె ఫోన్‌లో ఫోటో తీసి వెతికాం. అగ్నిశిఖ, అడవినాభి అని కూడా అంటారట, అడవుల్లో పెరిగే లిల్లీలకు చుట్టమట. పువ్వు, ఆకు కొస, వంకర దుంప, అన్నీ సరిపోయాయి. కింది వాక్యం ఆమె రెండుసార్లు పైకి చదివింది: మొక్కంతా విషం, దుంప మరీను.

గునపం జారింది. "నీకెలా తెలుసయ్యా?"

"తెల్వదమ్మా. తవ్వొద్దని అబద్ధమాడిన."

ఇప్పుడా గుట్టల చోట అద్దాల టవర్లున్నాయి, నాకు సొంత బండీ పొట్టా ఉన్నాయి. ఏటా వానల్లో ఆమె ఫోన్ చేస్తుంది: "నీ అబద్ధం పూసిందయ్యా, వచ్చి చూసిపో." వెళ్తాను. ఆమె టీ పెట్టడానికి లోపలికెళ్ళగానే తీగ దగ్గర వేలు చాపి నిలబడతాను. ఎనిమిదిలో సగం చదివిన ఆ కుర్రాడికి ఇంకా ఆశ చావలేదు.