రాని వాళ్ళ ఇంటికి

బైబిలమ్మ పోయిందన్న మాట నేను జాకెట్టుకు చేతులు కుడుతుండగా వచ్చింది. చర్చి గంట కొట్టే ఆయన కోడలు వచ్చి గడప దగ్గరే నిలబడి చెప్పింది. ఆయాసం ఎక్కువైందని కదిరి ఆసుపత్రికి తీసుకుపోయారు, తెల్లారేసరికి ప్రాణం పోయింది, ఆటోలో తెస్తున్నారు. నేను మిషను ఆపలేదు. ఆ చెయ్యి కుట్టి, దారం తెంపి, అప్పుడు ఏడ్చాను. కాసేపటికి చర్చి మైకులో "ప్రభువునందు నిద్రించారు" అని చెప్పడం వినపడింది. ఆమె వినుంటే ఊరుకునేది కాదు. "నిద్ర ఏందప్పా, సచ్చిపోయినాదని చెప్పండి. రేపు లేపడానికి వస్తారేమో జనం" అని గదిమేది.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. పాస్టరు అయ్యగారు చర్చిలో వాక్యం చెబితే, చర్చి తరపున ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేసే మనిషి ఒకరు ఉంటారు. మా నల్లమాడ వైపు ఆమెను బైబిలమ్మ అంటారు. మా బైబిలమ్మకు ఒక నల్ల గొడుగు, భుజాన ఒక గుడ్డ సంచి, ఊరందరినీ అదిరించే ఒక గొంతు ఉండేవి. ఆ గొంతుతో పాటెత్తుకుంటే హార్మోనియం వాయించే మాస్టరు తల పట్టుకునేవాడు. శ్రుతి ఒక దారి, ఆమె ఒక దారి. "దేవుడు చెవులు మూసుకోడులే, నువ్వు వాయించు" అనేది. నాకు మనవడు పుట్టినా ఆమె నోట నేను "పాపా"నే.

ఆమె ప్రార్థనలు పొట్టిగా ఉండేవి. ఒకసారి ఒక గొర్రెల కాపరి తన మేకకు కడుపు ఉబ్బిందని, ప్రార్థన చెయ్యమని వచ్చాడు. వాళ్ళు హిందువులు. మేకకు ప్రార్థన ఏందని నేను నవ్వాను. "అది సస్తే ఏడ్చేది ఈయప్ప కదా పాపా, ఈయప్ప కోసం చేస్తాలే" అంది. మూడు మాటల్లో ప్రార్థన ముగించి, "ఇంగ పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తు" అని తరిమింది.

చర్చిలో ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. అందరం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే ఆమె తల తిప్పి బల్లల వరసలు చూసుకునేది. నాకెట్లా తెలుసంటే, నేనూ అప్పుడప్పుడు కళ్ళు తెరుస్తాను. వచ్చిన వాళ్ళను చూస్తోందనుకునేదాన్ని. ఆమె చూసింది రాని వాళ్ళను. అది నాకు పోయినేడు కోత పండుగ నాడు తెలిసింది.

కోత పండుగంటే మా చర్చికి క్రిస్మస్ తర్వాత అంతటి పండుగ. పండిన దాంట్లో మొదటి భాగం తెచ్చి బలిపీఠం ముందర పెడతాం. శెనక్కాయ మూటలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు. ఆరాధన అయినాక అవన్నీ వేలం పాడతారు. పోయినేడు వాన ఎగ్గొట్టింది. వేరుశెనగచెట్టు ఊడలు దిగి కాయ పట్టే టైముకు ఒక్క చినుకు లేదు. చేలన్నీ నిలువునా ఎండిపోయాయి. ఆ ఏడే బయటి ఊరి నుంచి ప్రసంగానికి పెద్ద అయ్యగారు వస్తానన్నారు. బలిపీఠం బోసిగా ఉంటే పరువు పోతుందని కమిటీ వాళ్ళకు దిగులు పట్టుకుంది. పంట లేని వాళ్ళు మార్కెట్లో ఏదో ఒకటి కొనుక్కుని రండని చెప్పారు.

అందరం ఒకే శనివారం, ఒకే కదిరి మార్కెట్టుకు పోయాం. ఒకరికి తెలియకుండా ఒకరం అవే కొన్నాం. తెల్లారి చూస్తే బలిపీఠం నిండా క్యాబేజీలు, క్యారెట్లు, స్టిక్కర్లు కూడా తియ్యని ఆపిల్ పండ్లు. మా ఊర్లో క్యారెట్ పండించిన వాడు మా తాతల కాలం నుంచి లేడు. పెద్ద అయ్యగారు వాటిని చూసి సమృద్ధి గురించి ప్రసంగం మొదలుపెట్టారు పాపం, ఆయనకేం తెలుసు.

బైబిలమ్మ ముందు బల్లలో కూర్చుని పక్కావిడతో అంటోంది. గుసగుసే, కానీ ఆమె గుసగుస చర్చంతా వినపడుతుంది. "ఈ ఆపిల్ చెట్టు ఎవురి చేన్లో ఉండాదమ్మా? నాకు సూపిచ్చండి, నీడకు కూసుంటా."

అంతలో ఆమె తల తిరిగింది. మగవాళ్ళ వైపు మూడో బల్ల చివర ఖాళీగా ఉంది. అది నాకు వరసకు తమ్ముడయ్యే ఒక రైతు కూర్చునే చోటు. ఏటా కోత పండుగకు మొదటి శెనక్కాయ మూట మోసుకొచ్చేది అతనే. ఆ మూట దించి, చెమట తుడుచుకుని కూర్చుంటే కానీ మాకు పండుగ మొదలైనట్టు ఉండదు. ఆ రోజు అతని భార్య ఒక్కతే వచ్చింది. ఒంట్లో బాగలేదంట, పండుకున్నాడంట.

ప్రసంగం మధ్యలో బైబిలమ్మ లేచింది. నా కొంగు పట్టుకుని బయటికి లాగి, గొడుగు తీసింది. "యాడికమ్మా?" అంటే నేరుగా అతని ఇంటి వైపు నడిచింది. ఇంటికి తాళం వేసి ఉంది. అక్కడినుంచి చేని దారి పట్టింది. అంత వయసులో ఆమె నడిచిన నడకకు నేను వెనకబడిపోయాను.

తమ్ముడు గట్టు మీద, నీళ్ళు పడని బోరు పక్కన కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర పురుగుల మందు డబ్బా. మూత ఇంకా తియ్యలేదు. ఏదో అరవబోతుంటే బైబిలమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. పోయి అతని పక్కన కూర్చుంది. డబ్బా తీసి, పాటల పుస్తకం పక్కనే తన సంచిలో పెట్టుకుంది.

"నాయనా, ఒక చెట్టు పెరుకు" అంది.

"ఏముందని పెరికేదమ్మా? అంతా తాలు."

"తాలే కానీ. పెరుకు."

అతను వంగి ఒక చెట్టు పెరికాడు. ఎండిన వేళ్ళకు గింజ లేని రెండు లొట్టకాయలు వేలాడుతున్నాయి. ఇంకొకటి పెరకమంది, ఇంకొకటి. మోపు అయ్యేదాకా పెరికించింది. "ఇంగ లెయ్. చర్చికి పోదాం."

"ఇవి ఎత్తుకొని యాడికి వచ్చేదమ్మా? నవ్వుతారు."

"ఆపిల్ పండ్లు తెచ్చినోళ్ళను సూసి నవ్వల్ల. నువ్వు నీ చేన్లోది తెస్తాండావు. నిన్నెవుడు నవ్వేది?"

అతను ఏడ్చాడు. పెద్ద మగవాడు అట్లా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. ఆమె ఊరుకోమనలేదు. గొడుగు అతని మీదికి వంచి, తాను ఎండలో కూర్చుంది.

మేం తిరిగొచ్చేసరికి వేలం మొదలైంది. కమిటీ పెద్ద ఒక క్యాబేజీని పైకెత్తి వేలం పాట పెడుతున్నాడు. తమ్ముడు ఎండిన మోపుతో గుమ్మంలో నిలబడిపోయాడు, లోపలికి అడుగు పడలేదు. బైబిలమ్మ ముందు నడిచి, బలిపీఠం ముందరి క్యాబేజీలను చేత్తో పక్కకు నెట్టి, "ఈడ పెట్టు నాయనా" అంది. అతను పెట్టాడు. మట్టి రాలింది. కమిటీ పెద్ద చేతిలో క్యాబేజీ అట్లే ఉండిపోయింది. పాట ఆగింది.

అప్పుడు వెనక బల్లలో ఒక రైతు లేచి బయటికి పోయాడు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చారు, చేతుల్లో ఎండిన శెనక్కట్టె, గింజ పట్టని జొన్నకంకులు. ఆ రోజు వేలం మళ్ళీ జరగలేదు. మా అయ్యగారు ముందుకొచ్చి ప్రార్థన చెయ్యబోయి, ఆ మోపు దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. నాకు తెలిసి మా చర్చిలో నిజంగా జరిగిన కోత పండుగ అదొక్కటే.

ఆ వారం బైబిలమ్మ అయ్యగారి దగ్గరికి పోయి ఒకటే మాట చెప్పింది. "ఆరాధన అయిపోయినాదని దీవెన ఇచ్చి పంపించొద్దు అయ్యగారూ. రానోళ్ళ ఇంటికి పోయొచ్చినాకనే అయిపోయినట్టు." అట్లా మొదలైంది. ప్రతి ఆదివారం ఇద్దరిద్దరుగా పోయేవాళ్ళం. చర్చి వాళ్ళ ఇండ్లకే కాదు, ఊర్లో రెండు మూడు దినాలుగా బయట కనపడని మనిషి ఎవరైనా సరే. "పోయి ప్రసంగాలు చెయ్యొద్దండి" అని హెచ్చరించేది. "కూసోండి. నీళ్ళిస్తే తాగండి. లెయ్యాలని తొందర పడొద్దు."

క్రిస్మస్‌కు నక్షత్రం కట్టాం కానీ ముందు పోయింది ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి. ఈస్టరుకు ముందు శ్రమకాలపు నలభై దినాలూ బస్టాండు దగ్గర రాగి అంబలి పోశాం. అంబలిలో కలిపే సల్లలో ఉల్లిపాయ ముక్కలు వెయ్యలేదని ఆమె నన్ను అందరి ముందరా తిట్టింది. దేవళం వీధి ఆడవాళ్ళు కూడా ఇంట్లో సల్ల చిలికి కడవలతో పంపించేవాళ్ళు.

ఆ కాలంలోనే పక్క పల్లెలో ఒకాయన పోయాడు. అదే మందు. అంతకుముందు ఆదివారం అటు పోవాల్సిన వంతు వాళ్ళు బస్సు రాలేదని పోలేదు. బైబిలమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ ఇంటికి నన్ను తోడు తీసుకుపోయింది. ఆయన భార్య పక్కన నేల మీద కూర్చుంది. ఎవరో ప్రార్థన చెయ్యమ్మా అన్నారు. "ఈ పొద్దు ప్రార్థన లేదప్పా. ఏడ్చల్ల, అంతే" అంది. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒకచోట గొడుగు ముడిచి నిలబడి, "మనం పోలేదు పాపా" అంది. ఆ తర్వాత చాలా దినాలు ఆమె చర్చిలో పాడలేదు. శ్రుతి తప్పిన ఆ గొంతు కోసం నేను ఎంత ఎదురుచూశానో.

ఈస్టరు తర్వాత ఆమెకు ఆయాసం మొదలైంది. జూన్‌లో విత్తనాలు వేసే ముందు చేసే ప్రార్థనకు ఆమెను కుర్చీలో మోసుకొచ్చారు. వానలు ఈసారి ఆలస్యమైనా వచ్చాయి. ఆమె మంచంలో పడుకుని కిటికీలోంచి వానను చూస్తూ, "కాయ పట్టేదాకా ఉంటే సాలు" అనేది. కాయ పట్టింది. పెరకడం మొదలయ్యే నాటికి ఆమె లేదు.

సమాధి చేసిన తర్వాతి ఆదివారం నేను చర్చికి పోలేదు. పోబుద్ధి కాలేదు. ఆ ముందు బల్లను చూడాలంటే భయం వేసింది. గంట కొట్టడం విన్నాను, పాటలు విన్నాను, శ్రుతి తప్పకుండా ఎంత చక్కగా పాడుతున్నారో విన్నాను. విని, తలుపు దగ్గరికి వేసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. చూస్తే తమ్ముడు.

"అక్కా, చర్చికి రాల్యా?"

"జాకెట్లు ఇయ్యల్ల తమ్ముడూ. పని ఎక్కువైంది" అన్నాను.

అతను గుడ్డ కప్పి ఉన్న నా మిషను వైపు చూశాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను, తాగాడు. చేతుల నిండా మట్టి, గోళ్ళ సందుల్లో కూడా. చెట్టు పెరికే కాలం, చేన్లో పని ఎంతుంటుందో నాకు తెలుసు. పో తమ్ముడూ, నాకేం కాలేదు అందామనుకున్నాను. ఏడుపొచ్చింది. అతను ఊరుకోమనలేదు. ఎండ గడప దాటి అతని కాళ్ళ మీద పడింది. కొంచెం జరిగి కూర్చున్నాడే కానీ, లేవలేదు.