చివరి చలివేంద్రం

ఈ వేసవిలో శ్రీకాకుళం బస్టాండు బయట, ఆటోలు ఆగే చోట, ఎవరో చలివేంద్రం పెట్టారు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి ఇంటికి రావాలంటే రోజూ దాన్ని దాటుకునే రావాలి. ఇసుక మీద వరసగా కూర్చోబెట్టిన కొత్త కుండలు, వాటికి చుట్టిన తడి గోనెలు, పైన పచ్చి తాటాకు పందిరి. ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే తడిసిన మట్టి వాసనా వట్టివేళ్ల వాసనా కలిసి వచ్చి ముక్కుకు తగులుతాయి. ఎండనపడి వచ్చినవాళ్లకు ఆ వాసనతోనే సగం దాహం తీరుతుంది. నేను మాత్రం ఆగను. గ్లాసు చాచిన అమ్మాయికి వద్దని తల ఊపి, వెనక్కి చూడకుండా నడిచిపోతాను.

మాది ఉద్దానం. నౌపడ ఉప్పుమడులు దాటి రైలు ఇంకా ఉత్తరానికి పోతే, సముద్రానికీ రైలుకట్టకీ మధ్య కొబ్బరి తోటలు మొదలవుతాయి. కొబ్బరి కింద జీడిమామిడి, జీడిమామిడి పక్కన పనస, మధ్యలో మా ఊరు. ఊళ్లోకి అడుగుపెట్టే మొగలో ఒక పెంకుటిల్లు ఉండేది. దాని నుదుటి మీద నీలంరంగు అక్షరాలతో సేవా సంఘం అని ఒక పొడుగాటి పేరు రాసి ఉండేది కానీ, ఊళ్లో అందరికీ అది 'కలబ్బే'. తోటల రైతులు, కొట్లున్న షావుకార్లు, ఇద్దరు ముగ్గురు బడిపంతుళ్లు అందులో సభ్యులు. సాయంత్రాలు క్యారమ్స్ ఆడుకునేవారు, పేపరు చదివేవారు, ఊరికి ఏం చెయ్యాలో మాట్లాడుకునేవారు. ఉగాదికి కొత్త కార్యవర్గం వచ్చేది. నాకు పదేళ్లు నిండిన సంవత్సరం మా నాన్న ప్రెసిడెంటు అయ్యాడు. కొబ్బరికాయల వ్యాపారం చేసే కామేశు షావుకారు సెక్రటరీ.

కొత్త కార్యవర్గం మొదటి పని చలివేంద్రం. ఆ ఏడాది కుండలకు నీళ్లు మా తోటలోని నూతివే. ఊళ్లో పప్పు ఉడకాలన్నా, చారు రుచిగా రావాలన్నా ఆ నూతి నీళ్లే అనే పేరు దానికి. తెల్లారకముందే నాన్నా, ఆయన స్నేహితుడు దండాసి మావా నీళ్లు తోడేవారు. దండాసి మావ రెండు పెద్ద బిందెలను కావిడి కట్టి, పరుగులాంటి నడకతో బస్సాగే చోటుకి మోసుకెళ్లేవాడు. ఆయన నవ్వితే నూతిలో నుంచి వచ్చినట్టు వినిపించేది. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు కాబట్టి నేను ఆయనకు కోడల్ని, ఆయన కూతురు పార్వతి నాకు వదిన. మేమిద్దరం ఒకే ఈడువాళ్లం. పందిరి కింద పీటలేసుకుని, రాగి ముంతలతో వచ్చేపోయేవాళ్లకు నీళ్లు పోసేవాళ్లం, ఎవరూ లేనప్పుడు జీడిపిక్కలతో ఆడుకునేవాళ్లం. గోడవారగా పిక్కలు వరసపెట్టి, పెద్ద పిక్కతో గురిచూసి కొట్టడం. గెలిచినవి గెలిచినట్టు డబ్బాలో వేసుకోవడం. చుట్టూ మగ్గిన జీడిమామిడి పళ్ల వాసన, ఎవరింటి పెరట్లోనో పనసకాయ కొడుతున్న చప్పుడు, మధ్యాహ్నం అమ్మ రాగిపిండితో కాచి పంపే చోడి అంబలి, అందులోకి ఉల్లిపాయ. బస్సు దిగినవాళ్లు దోసిలి పట్టి తాగి, "సల్లగ ఉండండమ్మా" అనేవారు. ఆ మాట మాకు బంగారు పతకంలా ఉండేది.

పార్వతి కనిపెట్టిన ఇంకో ఆట కూడా ఉండేది. దండాసి మావ కావిడి దించి, అలసటగా పందిరి రాటకు ఆనుకుని కాళ్లు చాపుకునేవాడు. ఆ కాళ్లు పొద్దున కంటే సాయంత్రానికి లావయ్యేవి. చీలమండ మీద వేలితో నొక్కితే చిన్న గుంట పడి, అలాగే ఉండిపోయేది. ఎవరు నొక్కిన గుంట ఎక్కువసేపు ఉంటుందో మేం లెక్కపెట్టేవాళ్లం.

"ఏటే గుంటల్లారా, నా కాలు మీ కంటికి రొట్టెపిండి ముద్దలాగ ఉన్నాదేటి?" అని నవ్వేవాడాయన. మా వైపు ఆడపిల్లను గుంట అనే అంటారు.

మేమూ నవ్వేవాళ్లం. వైశాఖంలో నేను పది లెక్కపెట్టేసరికి గుంట పూడేది. జ్యేష్ఠం వచ్చేసరికి ముప్పై దాకా వచ్చింది.

వానలు పడ్డాక క్లబ్బు బడిపిల్లలకు పుస్తకాలు పంచింది. కొత్త కాగితం వాసన, తడిసిన కొబ్బరిమట్టల వాసన ఒకేసారి గుర్తొస్తాయి నాకు. పుస్తకాలు పంచిన రోజున దండాసి మావ రాలేదు. అన్నం సయించడం లేదని, ఏది నోట్లో పెట్టుకున్నా ఇనుము నాకినట్టు ఉంటోందని పార్వతి చెప్పింది. అప్పటికే పక్క వీధిలో ఇద్దరు అదే మాట అని, మంచమెక్కి, పోయారు. ఇద్దరూ నలభై దాటనివాళ్లు. పెద్దవాళ్లు ఆ విషయం మాట్లాడుకుంటూ మేం వస్తే ఆగిపోయేవారు. వినాయకచవితికి క్లబ్బు ముందు పందిరి వేశారు, ఉండ్రాళ్లూ కొబ్బరి ఉండలూ పంచారు, కానీ ఏటా బొమ్మను భుజానికెత్తుకుని సముద్రానికి నడిచే నలుగురిలో ఇద్దరు ఆ ఏడాది లేరు. మూడోవాడు దండాసి మావ. ఆయన గట్టున కూర్చుని చూశాడు. డప్పులవాళ్లు కూడా ఆ రోజు తక్కువ కొట్టారని నాకు అనిపించింది.

చవితి అయ్యాక నాన్నే పట్టుబట్టి పట్నం నుంచి డాక్టర్లను పిలిపించాడు. క్లబ్బు హాలులో రెండు రోజులు రక్తపరీక్షల శిబిరం జరిగింది. తోటపని మానుకుని మగవాళ్లు చొక్కా చేతులు మడుచుకుని వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు నాన్న చెయ్యి చాపాడు. డాక్టరమ్మ మైకులో ఒకటే మాట పదేపదే చెప్పింది: ఫలితం కాగితం మీద ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంటే వెంటనే రావాలి, ఒళ్లునొప్పుల మాత్రలు అసలు మింగకూడదు. ఆ మాత్రలు మా ఊళ్లో ప్రతి కొట్టులోనూ బిళ్లబెల్లంలా దొరికేవి. రోజంతా కొబ్బరికాయలు మోసినవాళ్లు సాయంత్రం ఒకటి వేసుకుంటేగానీ నడుం వాల్చలేకపోయేవారు.

వారం తర్వాత కాగితాలు వచ్చాయి. కామేశు షావుకారు వాటిని వీధులవారీగా విడదీసి, బడి నుంచి వస్తున్న నన్ను పిలిచాడు.

"ఒసే, మన ఈధివి నువ్వు అట్టుకెల్లి ఇచ్చీ. బేగి ఇచ్చీయాలి, దారిలో ఆడుకోకు."

నాకు చదవడం వచ్చు. మొదటి ఇంటికి వెళ్లేలోపే కాగితాలన్నీ తిరగేశాను. దండాసి మావ పేరు చుట్టూ ఎర్ర సున్నా ఉంది. ఇంకా కొన్నిటి మీద ఉంది. కట్టలో అడుగున మా నాన్న కాగితం. దాని మీదా ఉంది.

ముందు దండాసి మావ ఇంటికే వెళ్లాను. కాగితం చూడగానే అత్త గడపలో చతికిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో చప్పుడు లేదు. పక్కింటివాళ్లు తలుపు తీసి చూసి, మళ్లీ వేసుకున్నారు. అప్పటికే మా ఊళ్లో కొన్ని ఇళ్లకు కిడ్నీ ఇల్లు అని పేరు పడింది. ఆ ఇళ్ల పిల్లలతో కలిసి తినడానికి కూడా కొందరు భయపడేవారు. మిగతా ఇళ్లలో కాగితాలు ఇచ్చేసి, మా ఇంటి గేటు దగ్గర ఆగాను. నాన్న అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచు పురి పెడుతున్నాడు.

"ఏటమ్మా, మనది వొచ్చినాదా?"

"వొచ్చినాది నాన్నా. నీది బాగానే ఉన్నాదట. కామేశు మావ సెప్పినాడు."

నాన్న నావైపు ఒక్క క్షణం చూసి, సరేనని పీచు మీదకు వంగాడు. కాగితం అడగలేదు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి జీడిపిక్కల డబ్బాలో అడుగున దాచాను. ఎవరూ చూడకపోతే అది నిజం కాకుండా పోతుందని గట్టిగా నమ్మాను.

ఆ తర్వాత రోజులు గడుస్తూ పోయాయి. దీపావళి వచ్చింది, దివిటీలు తిప్పాం. కార్తీకం వచ్చింది, క్లబ్బు వనభోజనాలు మా తోటలోనే పెట్టారు. కొబ్బరిచెట్ల కింద చాపలు, విస్తళ్లలో పులిహోర, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం. ఆడవాళ్ల పాటలు, మగవాళ్ల పేకాట. నేను మాత్రం నాన్న కాళ్ల వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పులు విప్పితే చెప్పుల పట్టీ పడినచోట కాలువ తీసినట్టు గీత ఉండేది. పని ముగిశాక నడుం పట్టుకుని, "ఆ మాత్ర ఒకటి ఇలగ తే" అని అమ్మను అడిగేవాడు. అమ్మ తెచ్చి ఇచ్చేది. నీళ్ల గ్లాసు నేను అందించేదాన్ని. డాక్టరమ్మ మాట చెవిలో మోగుతూనే ఉండేది, నా నోరు మాత్రం పెగిలేది కాదు. చెబితే అబద్ధం ఆడినట్టు తేలుతుంది, చెప్పకపోతే నాన్న మాత్ర మింగుతాడు. ఈ రెంటి మధ్య నాకు అన్నం పోయేది కాదు. అమ్మ నాకు దిష్టి తగిలిందని ఉప్పు తిప్పింది.

మార్గశిరంలో ఒక ఉదయం దండాసి మావ పోయాడు. అంత మనిషినీ ఇద్దరే మోసుకెళ్లారు, అంత తేలికైపోయాడు. పార్వతి ఏడవలేదు, మా పెరటి గోడ పక్కకు వచ్చి, "వదినా, మా అయ్య కాలు నిన్న నొక్కినాను. గుంట పూడనే లేదు" అంది.

శ్మశానం నుంచి వచ్చి నాన్న నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. నేను డబ్బా తెచ్చి, పిక్కలన్నీ గట్టు మీద ఒలకబోసి, మడతలు విప్పిన కాగితం ఆయన ముందు పెట్టాను. ఏడుపొకటే వచ్చింది. అమ్మ పరుగెత్తుకొచ్చి కాగితం చూసింది. నా వీపు మీద ఒక్కటి వేసింది. రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి నాన్న పట్టుకున్నాడు.

"గుంటనెందుకు కొడతావే? నా కాల్లు నాకు కనపడవేటి?" అన్నాడు. తర్వాత నాకేసి తిరిగి, "నువ్వు బాగున్నాదని సెప్పినావు. నాను నమ్మినట్టు ఊరుకున్నాను. కాయితం ఏదని అడగలేదు సూడు. ఊరందరికీ పరీచ్చలు సేయించినోన్ని, నా కాయితం సూడ్డానికి నాకు దయిర్నం లేకపోయినాది. ఇద్దరం దాసినాం" అన్నాడు.

అమ్మ నూతి గట్టు మీద కూలబడింది. నాన్న తడిబట్టలతోనే ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ పూటే కామేశు షావుకారు తన వ్యాను తెచ్చి నాన్నను పట్నం తీసుకెళ్లాడు.

ఫాల్గుణం చివర క్లబ్బు మీటింగు జరిగింది. కొత్త సంవత్సరానికి ఏం చెయ్యాలనే చర్చ. నాన్న శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు, ఆయన పక్కన నేలమీద నేను. చలివేంద్రం మాట వచ్చింది. రోగానికి కారణం నీళ్లే అని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఈనాటికీ తేలలేదు. నీళ్లంటారు, తోటల్లో పురుగుమందుల పిచికారీ అంటారు, ఎండ అంటారు. ఆ రోజు నాన్న అందరి ముఖాలూ చూసి అడిగాడు.

"పందిరి ఏస్తాం సరే. ఏ నూతి నీల్లు పోద్దుం? ఎవరైనా సెప్పండి, నాను తోడిస్తాను."

ఎవరి నూతి పేరూ ఎవరూ చెప్పలేదు. కామేశు షావుకారు తీర్మానాల పుస్తకం మూసి లేచాడు. ఆ వేసవిలో బస్సు దిగినవాళ్లు మా ఊరి మొగలో ఎప్పటిలాగే నీళ్లకోసం అటూ ఇటూ చూసి, ఎండలో అలాగే వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ పెట్టలేదు.

నాన్న మరో నాలుగేళ్లు ఉన్నాడు. వారానికి రెండుసార్లు రైల్లో విశాఖపట్నం వెళ్లి రక్తం శుభ్రం చేయించుకుని వచ్చేవాడు. నేను దాచకపోతే ఇంకో ఏడాది ఉండేవాడా అని చాలాకాలం తర్వాత ఒక డాక్టరును అడిగాను. ఆయన, పదేళ్ల పిల్లను ఇప్పటికైనా వదిలెయ్యమ్మా, అన్నాడు. వదిలెయ్యడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాను.

మొన్న క్లబ్బు వార్షికోత్సవానికి ఊరికి వెళ్లాను. పెంకులు పోయి శ్లాబు వచ్చింది. ఊళ్లోకి దూరం నుంచి పైపు నీళ్లు వస్తున్నాయి, నూతుల మీద సిమెంటు మూతలు పడ్డాయి. ఆస్పత్రికి వెళ్లేవాళ్ల కోసం క్లబ్బే ఒక వాహనం నడుపుతోంది. ఇప్పటి పిల్లలకు జీడిపిక్కల ఆట తెలియదు, కావిడి అంటే ఏమిటని అడుగుతారు. క్లబ్బు ప్రెసిడెంటు ఇప్పుడు మా పార్వతి. మా వీధి మగవాళ్లలో అందరికంటే పెద్దాయనకు సన్మానం చెయ్యాలని ఈ ఏడాది కొత్తగా అనుకున్నారట. మైకులో పేరు పిలిచేసరికి, ముందు వరసలో కూర్చున్న కామేశు షావుకారు ఉలిక్కిపడ్డాడు. ఆయనకు అరవై రెండేళ్లు.

"పెద్దోన్నేటి నాను? ఎవలైనా నవ్వుతారు. నాకంటే పెద్దోల్ని పిలండి" అన్నాడు.

పార్వతి మైకు పక్కకు పెట్టి, దండ చేత్తో పట్టుకుని ఆయన దగ్గరకు వచ్చింది.

"ఎవల్ని పిలమంటావు మావా? నువ్వే సెప్పు."

షావుకారు వెనక్కి తిరిగి కుర్చీలన్నీ కలయజూశాడు. ఎవరి పేరో చెప్పబోయినట్టు ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. తర్వాత మెల్లగా ముందుకు తిరిగి, దండ వేయించుకోవడానికి తల వంచాడు.