కనుబొమ వాలు

పందొమ్మిది వందల యాభైల చివర మద్రాసులో ఒక పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స నేర్చుకుంటున్నాను. ఆ ఊళ్ళోనే చూలై పేటలో పుస్తకాలకు బైండింగు చేసే ఒకావిడ మా వార్డులో చేరింది. స్టవ్వు పేలి ఆమె ఎడమ కనుబొమ కాలిపోయింది. గాయం మానాక అక్కడ నున్నటి మచ్చ మిగిలింది.

మా పెద్ద డాక్టరు చెవి వెనకనుంచి వెంట్రుకలున్న సన్నని చర్మపు పట్టీ తీసి ఇలాంటి చోట అతికేవారు. పట్టీ తీయడం కన్నా దానికి చోటు సిద్ధం చేయడమే కష్టం. రెండో కనుబొమను మాటిమాటికీ చూసుకుంటూ, అదే వంపులో, పట్టీ ఎంత మందమో అంతే లోతున గాటు పెట్టేవారు.

"వెంట్రుక కణత వైపు వాలాలి. ఎదురు తిరిగిందా, అతికించిందని ఎవరికైనా తెలిసిపోతుంది" అనేవారు.

ఆమె ఆపరేషను రోజున గాటు పెట్టి, కుట్టే పని నాకప్పగించి ఆయన పక్క బల్ల దగ్గరికి వెళ్ళారు. పట్టీకి కణత వైపు రావలసిన కొసకు గుర్తుగా నల్లదారం కట్టారు. పట్టీని ఉప్పునీళ్ళ గిన్నెలోంచి తీస్తుంటే ఆ దారం జారిపోయింది. పొట్టిగా కత్తిరించిన వెంట్రుకలు ఎటు వాలాయో నాకు తేలలేదు. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు. అడగడానికి నామోషీ అనిపించింది. ఊహించి కుట్టేశాను.

నాలుగు నెలలకు వెంట్రుకలు బాగానే వచ్చాయి, ముక్కు వైపుకి.

"నేను ఆ పక్కకే తిరిగి పండుకుంటా ఉంటి సార్. అందుకే ఇట్ట తిరిగిందా?" అని ఆమె అడిగింది.

"అయ్యుండొచ్చమ్మా" అన్నాను.

తర్వాతి వారం కనుబొమకు కొబ్బరినూనె దట్టంగా రాసుకుని వచ్చింది. "ఇప్పుడు కుడిపక్కే పండుకుంటా ఉండాను సార్" అంది. ఆమె వెళ్ళగానే పెద్ద డాక్టరుకు అంతా చెప్పేశాను.

"ఈ మాట వినాల్సింది నేను కాదు, ఆమె" అన్నారాయన.

మర్నాడు చూలై వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని కాగితాలకు జిగురు రాస్తోంది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె బ్రష్షు కింద పెట్టింది.

"చెయ్యి తప్పింది, సరి. నేనడిగిన దినమే చెప్పుండొచ్చు గదా సార్? ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకుంటా ఉంటి."

ఆమె మళ్ళీ బ్రష్షు అందుకుంది.

"మళ్ళీ చేయించుకుంటా. పెద్ద డాక్టరయ్యే చెయ్యాల. మీరు ఆడ ఉండకూడదు."

రెండోసారి ఆపరేషను జరుగుతున్నంతసేపూ నేను వరండాలో నిలబడ్డాను. ఈసారి వెంట్రుక సరిగ్గానే వాలింది. చివరిసారి చూపించుకోవడానికి వచ్చిన రోజు ఆమె నర్సులందరితో నవ్వుతూ మాట్లాడింది. నా ముందునుంచే నడిచి వెళ్ళింది, పలకరించలేదు. ఆమెను ఆపి క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే నన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుందనిపించి ఊరుకున్నాను. అలా ఊరుకున్నది ఆమె కోసమో, నా పిరికితనం వల్లనో నాకిప్పటికీ తెలియదు.