బెజ్జాలు పూడ్చిన అత్త

మొన్న మంగళవారం ఉదయం మా మేనత్త కన్నుమూసింది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని ఇక లేవలేదట. ఆమె కూతురు, మా వదిన, ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను చింతాద్రిపేటలో మా మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆ మాట విన్నాక కూడా మిగిలిన బట్టలన్నీ ఒక్కొక్కటే దులిపి తీగ మీద వేశాను. కింద వీధిలో బండ్లు పోతూనే ఉన్నాయి. ఒక్క చప్పుడూ నా దాకా రాలేదు.

మా పేటకు దగ్గర్లోని చూలైలో చాలామందికి ఆమె లేత్ మిషను నడిపే అమ్మగా తెలుసు. మామయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఏడాది ఆమె ఆయన వర్క్‌షాపులో అడుగుపెట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఈమె చేసేది. ఆయన పోయాక కూడా షట్టరు దించలేదు. కుట్టుమిషను భాగాలు, పాత తలుపుల బందులు, ఇంకెవరూ బాగుచెయ్యలేని తాళాలు, అన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. చీర మీద మామయ్య పాత చొక్కా తొడుక్కునేది. లేత్ తిప్పే ముందు గాజులు తీసి గోడమేకుకు తగిలించేది. స్క్రూలు పెదవుల మధ్య పట్టుకునే మాట్లాడేది. ఆ మాటలు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. ఏ చెక్కకైనా బెజ్జం వేసే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు కదలకుండా ఉండేది. దండం పెట్టుకుంటోందేమో అనుకునేదాన్ని. అడిగితే, లోపల చెమ్మ ఉందేమో చూస్తున్నానంది.

ఆమె నాకు చేసిన మేలు చెప్పాలంటే మంచు దగ్గర మొదలుపెట్టాలి. ఇరవై ఆరేళ్ళప్పుడు నేను ఉత్తరాఖండ్ కొండల్లో స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్ళాను. సముద్రపు ఉక్కలో పుట్టి పెరిగినదాన్ని. కాళ్ళకు రెండు పొడవాటి పలకలు తగిలించుకుని తెల్లటి వాలు మీద జారుతుంటే, చిన్నప్పుడు కలలో ఎగిరినట్టే ఉండేది. రెండో ఏడు, మాకు నేర్పిన టీచరమ్మ తన పాత స్కీలు నాకిచ్చింది. ఆమె బూటు పెద్దది, నాది చిన్నది. బూటును పలకకు పట్టి ఉంచే బైండింగులను ఊడదీసి, నా కొలతకు జరిపి మళ్ళీ బిగించాలి. అక్కడి బజారులో ఒకతను అరగంటలో ఆ పని చేసిచ్చాడు.

నాలుగో రోజు ఒక మలుపులో ఎడమకాలి బైండింగు స్క్రూలతో సహా ఊడొచ్చింది. బూటుకు వేలాడుతున్న ఆ ఇనుప ముక్కతోనే చాలా దూరం దొర్లాను. మోకాలు చెడింది. ఆపరేషనయ్యాక ఆరు నెలలు చేతికర్రతో నడిచాను.

ఇంటికి వచ్చినవాళ్ళందరూ పడ్డావటగదా అనేవారు. మనకెందుకమ్మా ఆ మంచు అని నాన్న రోజూ అనేవాడు. నిజానికి వాళ్ళకంటే ఎక్కువగా నన్ను నేనే తిట్టుకున్నాను. నా కాలికి ఆ పని చేతకాదని, ఆ రెండేళ్ళ సంతోషం నాది కాదని నమ్మాను. స్కీలను పాత దుప్పటిలో చుట్టి బీరువా వెనక నిలబెట్టాను.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం అత్త మా ఇంటికి వచ్చి, పడుకోవడానికి చాప వెతుకుతూ బీరువా వెనక ఆ దుప్పటి మూటను చూసింది. నేలమీద పరిచి విప్పింది. నేను గదిలోంచి వెళ్ళిపోబోయాను. ఆమె తలలోంచి పిన్ను తీసి, ఊడిన చోట బెజ్జంలో పెట్టి మెల్లగా తిప్పింది. గోధుమరంగు పొడి రాలింది.

"ఎవురు బిగించినారు దీన్ని?" అంది.

చెప్పాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పిన్నుతోనే చూపించింది. పాత బెజ్జాలను పూడ్చకుండా వదిలేశారు. కరిగిన మంచు వాటిలోకి దిగి లోపలి చెక్క నానిపోయింది. కొత్త బెజ్జాలు పాతవాటి అంచుమీదే పడ్డాయి.

"ఈడ చూడు. స్క్రూకి పట్టుకునేదానికి ఏమీ లేదు. నువ్వు పడ్లేదు కణ్ణా. ఇది ఊడొచ్చింది."

ఆ రెండు మాటలకీ తేడా నాకు వెంటనే అందలేదు. అందాక, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. సరి సరి అంటూ నా వీపు మీద చెయ్యి ఆనించి ఊరుకుంది.

ఆ సాయంత్రమే స్కీలను ఆటోలో చూలైకి తీసుకుపోయింది. ఇవి పడవ తెడ్లా అని ఆటో అతను అడిగితే, కాదని చెప్పలేదు.

తర్వాత మూడు నెలలు నేను ప్రతి శనివారం ఆ వర్క్‌షాపుకు వెళ్ళాను. ఆమెకు తొందర లేదు. కుళ్ళిన చెక్కనంతా సన్నటి ఉలితో గీకి తీసింది. వానలు తగ్గేదాకా స్కీలను ముట్టలేదు. ఎండ రాగానే మేడమీద ఆరబెట్టింది. టేకు పుల్లలను గుండ్రంగా చెక్కి, రెండు మందులు కలిపి చేసే గట్టి జిగురులో ముంచి, ఒక్కో బెజ్జంలో దించి, ఆరాక పైకి మిగిలింది కోసి నున్నగా అరగదీసింది. వేలితో తడిమితే ఎక్కడ బెజ్జం ఉండేదో తెలిసేది కాదు.

కొత్త బెజ్జాలకు స్క్రూలను నేరుగా చెక్కలోకి దించనంది. ఊడదీసి బిగించిన ప్రతిసారీ చెక్క పట్టు కొంత పోతుందట. స్టీలు కడ్డీని లేత్ మీద తిప్పి, బొటనవేలి గోరంత గొట్టాలు చేసింది. వాటికి బయటా మరలే, లోపలా మరలే. బయటి మర చెక్కను పట్టుకుంటుంది, లోపలి మర స్క్రూను పట్టుకుంటుంది. వాటికి తొడుగులని పేరు పెట్టింది. పాత బెజ్జాలకు వేలెడు దూరంలో, నా బూటును పెట్టి గుర్తులు గీసి, డ్రిల్లు అడుగుదాకా దిగిపోకుండా దానికి ఒక రింగు బిగించి బెజ్జాలు వేసింది. తొడుగులకు జిగురు పూసి, పలకకు వెంట్రుకవాసి లోపలికి దిగేలా తిప్పింది. మడమ దగ్గర మాత్రం ఒక్కో పలకకు ఇంకో నాలుగు ఎక్కువ వేసింది. ఎందుకని అడిగాను.

"నీకంటే చిన్న పాదం వాళ్ళు ఎవురన్నా ఎక్కరా?" అంది. వాటిలోకి నీళ్ళు దిగకుండా పొట్టి స్క్రూలతో మూతలు వేసింది.

మళ్ళీ ఊడితే అన్న భయాన్ని నేను పైకి అనలేదు. అయినా ఆమె ఒక చెక్కముక్కలో తొడుగు దించి, దానికి బోల్టు బిగించి, ఆ ముక్కను బల్లకు బిగగట్టి నా ముందు పెట్టింది. "నీ చేత్తో నువ్వే లాగి చూడు." రెండు చేతులతో పట్టి, గోడకు కాళ్ళు తన్ని లాగాను. చేతులు ఎర్రబడ్డాయి కానీ అది కదల్లేదు.

పని ముగిసిన రోజు నా బూట్లు తనే తొడుక్కుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చూలై సిమెంటు నేలమీద స్కీలెక్కి, మోకాళ్ళు వంచి ముందుకు వాలింది. పైరేకుల సందుల్లోంచి పడే ఎండలో లోహపు పొడి మెల్లగా తేలుతోంది. కళ్ళు మూసుకుని, మంచు చప్పుడు ఎట్లుంటుందని అడిగింది. పట్టుచీర మడతపెట్టినట్టు ఉంటుందన్నాను. తల ఊపింది. చాలాసేపు దిగలేదు.

ఆ చలికాలం తిరిగి వెళ్ళాను. మొదటి మలుపు దగ్గర ఆగి, వంగి ఎడమకాలి బైండింగును చేత్తో లాగి చూసుకున్నాను. రెండో మలుపు దగ్గర ఆగలేదు. ఇప్పుడు ఏటా రెండు నెలలు అక్కడే ఉండి కొత్తవాళ్ళకు నేర్పుతున్నాను. నేను జారే మొదటి వీడియో చూపిస్తే అత్త నా మొహం చూడనే లేదు. పాదాల దగ్గరే వేలు పెట్టి నాలుగుసార్లు చూసింది.

రెండేళ్ళ క్రితం బతిమాలి ఆమెను వెంట తీసుకెళ్ళాను. నా దగ్గర నేర్చుకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగిని, నలభై దాటిన మనిషి, అద్దె స్కీలు సరిపడక వెనక్కి పోదామనుకుంటోంది. ఆవిడ పాదం నాకంటే చిన్నది. అత్త నా స్కీలు తీసుకుని మంచులో గోనెసంచి పరుచుకుని కూర్చుంది. స్క్రూలు పెదవుల మధ్య పెట్టుకుని, మడమ దగ్గరి బైండింగులను ఆ నాలుగేసి తొడుగుల మీదికి జరిపి బిగించింది. ఒక్క కొత్త బెజ్జమూ వెయ్యకుండా పని అయిపోయింది. ఆవిడ అరుస్తూ, నవ్వుతూ కిందికి జారిపోయింది.

నేనూ ఆ అద్దె స్కీలెక్కి ఆవిడ వెనకే దిగాను. కింద నిలబడి తిరిగి చూస్తే అత్త కూర్చున్నచోట లేదు. పైన, ఎవరూ తొక్కని మంచులో, పసుపు చీర మీద నా పాత కోటు వేసుకుని దేవదారుల వైపు ఒక్కతే నడుస్తోంది. పిలిచాను. ఉన్ని టోపీలో వినపడలేదు. రెండడుగులు వేసి ఆగి, వంగి తన అడుగులు ఎంత లోతు దిగాయో చూసుకుని, మళ్ళీ రెండడుగులు వేస్తోంది. మంచు పడటం మొదలైంది. ముందు చెట్లు మాసిపోయాయి. తర్వాత కోటు. ఆ పసుపు అంచు మాత్రం ఇంకొంచెంసేపు కదులుతూ కనిపించింది.