ఆయన మర్చిపోలేదు

డైరెక్టరు "కట్" అని అరిచారు. పెద్దాయన నా వైపు చూశారు. ఏదో జరగబోతోందని నాకు భయం పుట్టింది అప్పుడే. ఆ చూపును పెళ్లికి ముందు నుంచి మోస్తున్నాను. మావారికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఆయన బెంగాలీ నటుడు. తండ్రి నాటక సమాజంలో తెర వెనక మాటలు అందించే కుర్రాడిగా మొదలై, కలకత్తా రంగస్థలం మీద పేరు తెచ్చుకుని, తర్వాత సినిమాల్లోకి వచ్చారు. రావులపాలెం అరటి మార్కెట్లో తీసిన ఒక తెలుగు సినిమాలో ముసలి వ్యాపారి వేషం ఆయనది. హిందీ బాగా వచ్చని, డిగ్రీ చదువుతున్న నన్ను ఆయనకు డైలాగులు నేర్పడానికి పెట్టారు. తెలుగు రాని నటులకు మామూలుగా షాట్ జరుగుతుండగానే పక్కనుంచి మాటలు అందిస్తారు. ఆయన ఒప్పుకోలేదు. గెలల మధ్య నడుస్తూ, నేను చెబితే విని, అర్థం అడిగి, అంతా కంఠతా పట్టేవారు.

ఆ రోజు పొద్దున్న సీను చివర మాటలు మారాయి. ఆయనకు చెప్పమని కో-డైరెక్టరు నాకు చెప్పి వెళ్లారు. నేను ఫోన్లో ఉన్నాను. తలూపాను. మర్చిపోయాను. అసలు తప్పు అది కాదు.

ఆయన పాత మాటలే చెప్పారు. అవతల లారీలు లోడింగుకి వచ్చేస్తున్నాయి. "ఏంటండీ ఇది! కలకత్తా నుంచి తెప్పించుకుంది ఇందుకా?" అని డైరెక్టరు అందరి ముందూ అన్నారు. పెద్దాయన నా దగ్గరికొచ్చి మెల్లగా హిందీలో అడిగారు.

"మార్పు నాకు చెప్పావా, అమ్మా?"

"చెప్పానండి."

"ఎప్పుడు?"

"పొద్దున్న, మీరు టీ తాగుతున్నప్పుడు."

"టీ గుర్తుంది" అన్నారు. "అయితే నాదే పొరపాటు. నువ్వు కంగారు పడకు."

ఆ టీ సంగతి ఎందుకు కలిపాను? పనిలోంచి తీసేస్తారనా? ఎలాగూ వారంలో అయిపోయే పని. టైము లేదని ఆయన చేత ఒకటి, రెండు, మూడు అనిపించి పెదాలు కదిలేలా తీసుకున్నారు. మాటలు తర్వాత డబ్బింగులో ఇంకెవరో చెప్పారు. ఆయన బుద్ధిగా అంకెలు పలికారు.

ఆ తర్వాత ఆయన మళ్లీ నటించలేదు. ఎందుకో ఒక ఇంటర్వ్యూలో విన్నాను. జ్ఞాపకశక్తి పోతోందని తెలుగు షూటింగులో అర్థమైందట. చూసేవాళ్లకు తెలిసేలోపే స్టేజీ దిగిపోయారట. బుర్ర చక్కగా పనిచేస్తున్న మనిషి, దాన్ని అనుమానించుకుంటూ ఎన్నేళ్లు గడిపారో. నేను కబురు పంపగలిగేదాన్నే. పంపలేదు. ఈమధ్యే ఆయన పోయారు.

ఆయన మర్చిపోలేదు. నేను చెప్పలేదు. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అంతకు మించి ఏమీ లేదు.

నిన్న మా పాప స్కూల్లో పచ్చ బట్టల రోజు. మెసేజ్ నా ఫోనుకే వచ్చింది. పిల్ల ఒక్కతే యూనిఫాంలో వెళ్లింది. సాయంత్రం వచ్చి, "నువ్వు చెప్పే ఉంటావమ్మా, నేనే మర్చిపోయుంటా" అంది. "మతిమరుపు అక్క!" అని తమ్ముడు వెక్కిరించాడు. నేను అన్నం కలుపుతూ ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున్న ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "అక్క మర్చిపోలేదురా. నేనే చెప్పలేదు."

పాప నన్నే చూసింది. "మరి నిన్న ఎందుకు ఊరుకున్నావు?"

"భయమేసిందమ్మా" అన్నాను.