రానన్న మాడ్యూల్‌ను గుంజుకొచ్చిన రోజు

ఈ ఉదయం నా పాత ల్యాప్‌టాప్ నన్ను అడగకుండానే అప్‌డేట్ అయి కూర్చుంది. తెరిచి చూస్తే వైఫై లేదు. దాన్ని నడిపే మాడ్యూల్ వర్షన్ కలవడం లేదని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. "పొద్దుగాల్నుంచి దానితోని ఏం కొట్లాటయ్యా, చాయ్ సల్లారిపోతాంది" అని మా ఇంటావిడ కేకేసింది గానీ, ఉద్యోగమంతా ఇదే పోరు పడ్డవాణ్ణి, పింఛను వయసులోనూ ఇది నన్ను వదలదా అని ఒళ్లు మండిపోయింది.

హనుమకొండలో ఒక చిన్న దవాఖానలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఎక్స్‌రే బొమ్మను తెర మీదికి తెచ్చే కార్డు ఒకటి ఉండేది. దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, అంటే మాడ్యూల్, కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపే కెర్నల్‌లో చేరి పనిచేయాలి. ఏ కెర్నల్ కోసం తయారైందో సరిగ్గా ఆ కెర్నల్ అయితేనే చేరుతుంది. వర్షన్‌లో ఒక్క అంకె మారినా గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆ సంగతి తెలిసి కూడా, కొత్తది వచ్చిందన్న ఉబలాటంతో ఒక సాయంత్రం నేనే కెర్నల్‌ను మార్చి ఇంటికి పోయాను.

మర్నాడు మాడ్యూల్ రానంది. బయట బెంచీల నిండా మనుషులు, సగం మంది నెక్కొండ వైపు నుంచి రైల్లో వచ్చి మళ్లీ రైలుకే పోవలసినవాళ్లు. కార్డు అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, పాత కార్డుకు ఇక కొత్త మాడ్యూళ్లు చేయరట, కొత్త కార్డు కొనుక్కోవాలట! నాకు పిచ్చెక్కినంత పనయింది. ఎక్స్‌రే తీసే పెద్దాయన, నేను అన్నా అని పిలిచేవాణ్ణి, పది నిమిషాలకోసారి తలుపు తోసుకొని వచ్చి, "జర ఎట్లనన్న నడిపియ్ తమ్మీ, లైను రోడ్డు దాక పోయింది" అనేవాడు. చివరికి విసిగిపోయి, వర్షన్ చూడకుండా బలవంతంగా చేర్చే ఆదేశం ఒకటుంటే అదే కొట్టాను. చేరింది. మొదట ఒక ముసలాయన ముంజేయి బొమ్మ చక్కగా వచ్చేసరికి, ఇంతోటి దానికా పొద్దున్నుంచీ ఏడిపించింది అని తిట్టుకున్నాను కూడా.

తరువాత వచ్చినామె పత్తి చేనులో జారిపడి చేయి వాచిన మనిషి. డాక్టరమ్మ ఆమె బొమ్మ చూసి, ఆమె ముఖం చూసి, మళ్లీ బొమ్మ చూసి అడిగింది. "నీ చేతిల స్టీలు ప్లేటు ఎప్పుడు ఏసిన్రమ్మా?"

"ప్లేటా? నేను దవాఖాన మొఖం సూసుడే ఇది మొదటిసారి తల్లీ."

ముసలాయన బొమ్మను తెరిచి ఆమె బొమ్మ పక్కన పెట్టి చూశాను. బొమ్మలో వేళ్లు ఆమెవి. మణికట్టు కింది ఎముకలు, స్టీలు ప్లేటుతో సహా, అంతకుముందు వచ్చిన ముసలాయనవి. కొత్త కెర్నల్ లెక్క వేరు, పాత మాడ్యూల్ లెక్క వేరు. ఆ తేడాలో మెమరీలో మిగిలిన ముసలాయన బొమ్మ ఈమె బొమ్మకు అతుక్కుంది. ఆయన చేతిలో ప్లేటు లేకపోయి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

పాత కెర్నల్ ఇంకా మెషీన్‌లోనే ఉందని, మొదలయ్యేటప్పుడు దాన్ని ఎంచుకుంటే చాలునని అప్పుడు వెలిగింది నా మట్టి బుర్రకు. పాతదానితో మళ్లీ మొదలుపెట్టి తీస్తే, ఆమె చేతి ఎముక మణికట్టు కింద నిలువునా చిట్లి ఉంది. సిమెంటు పట్టీ వేయించుకునేసరికి ఆమె ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది. అన్న తన స్కూటర్ మీద ఆమెను బస్టాండుకు తీసుకుపోయాడు. క్షమించమని కూడా అడగకుండా, ఆమెకు ఎదుటపడకుండా నేను గోడ పక్కన నిలబడ్డాను. డాక్టరమ్మ అరిచినా బాగుండేది. "అది రానని చెప్తనే ఉన్నది గదా, నువ్వెందుకు గుంజుకొచ్చినవ్?" అని మాత్రం అంది.

పోయిన నెల మోకాలి నొప్పికి ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రే తీయడం నిమిషాల్లో అయిపోయింది. బొమ్మ చూసి నా ముఖం చూసే మనిషి కోసం కాసేపు అక్కడే కూర్చున్నాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "రిపోర్టు ఫోనుకే వస్తది పెద్దనాన్నా, ఇగ మీరు పోవచ్చు" అని. ఫోను జేబులో పెట్టుకొని మెల్లగా మెట్లు దిగాను.